వేగుచుక్క మీద నీళ్లెందుకు లేవు?

తెల్లవారుజామున పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లేవాళ్లకు వేగుచుక్క బాగా తెలుసు. కొన్ని నెలలు అది పొద్దు పొడవక ముందు తూర్పున కనిపిస్తుంది. మరికొన్ని నెలలు పొద్దు గుంకాక పడమట కనిపిస్తుంది. రాత్రి ఆకాశంలో చందమామ తర్వాత అంతగా మెరిసేది అదే. గడియారాలు లేని రోజుల్లో వేగుచుక్క పొడిచిందంటే లేచే వేళయిందని లెక్క. ఆడవాళ్లు లేచి కల్లాపి చల్లేవారు. మగవాళ్లు బండి కట్టేవారు.

నిజానికి వేగుచుక్క చుక్క కాదు. అది ఒక గ్రహం. దాని పేరు శుక్రుడు. చుక్కలకు సొంత వెలుగు ఉంటుంది. గ్రహాలకు ఉండదు. సూర్యుడి వెలుగు మీద పడితే అవి మెరుస్తాయి. మనం నిలబడి ఉన్న ఈ భూమి కూడా ఒక గ్రహమే.

శుక్రుడు, భూమి కవల పిల్లల లాంటివి. రెండూ పుట్టి సుమారు 450 కోట్ల ఏళ్లు అయింది. భూమి అడ్డకొలత 12,700 కిలోమీటర్లు. శుక్రుడిది 12,100 కిలోమీటర్లు. రెండూ రాయి, ఇనుములతో తయారైనవే. కానీ భూమి మీద అడవులున్నాయి, చేపలున్నాయి, చీమలున్నాయి, మనుషులున్నారు. శుక్రుడి మీద గడ్డిపోచ లేదు. నేల మీద చుక్క నీరు లేదు. ఎందుకని?

ప్రాణం నిలవాలంటే ఏం కావాలి?

అన్నిటికంటే ముందు నీరు కావాలి. అది కూడా నీరులాగే ఉండాలి. గడ్డకట్టి మంచురాయిలా ఉంటే చాలదు. ఆవిరై గాలిలో ఉన్నా చాలదు. పారే నీరు కావాలి.

గాదెలో పోసిన గింజలను చూడండి. ఏడాది గడిచినా అలాగే పడి ఉంటాయి. ప్రాణం ఉందో లేదో కూడా తెలియదు. రెండు రోజులు తడిగుడ్డలో కట్టి ఉంచితే మొలక వస్తుంది. గింజలో తిండి ముందునుంచీ ఉంది. ఆ తిండి కరగాలి, ఒకచోటి నుంచి మరోచోటికి పోవాలి. అందుకు నీరు కావాలి. మన ఒంట్లో కూడా సగానికి పైగా నీరే. తిన్న తిండి రక్తంలో కలిసి వేలి కొస దాకా చేరుతోందంటే నీటివల్లనే.

కాబట్టి ఒక గ్రహం మీద ప్రాణం నిలుస్తుందా లేదా అని అడిగితే, శాస్త్రవేత్తలు ముందు చూసేది ఒక్కటే. అక్కడ నీరు నీరులా ఉండగలదా?

పొయ్యికి ఎంత దూరం?

చలికాలంలో చలిమంట చుట్టూ కూర్చుంటాం. మరీ దగ్గరికి జరిగితే కాలుతుంది. దూరంగా ఉంటే వణుకుతాం. గ్రహాలకు సూర్యుడే చలిమంట. బుధుడు అన్నిటికంటే దగ్గర. సూర్యుడి నుంచి సుమారు 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతాడు. శుక్రుడు 10 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. భూమి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ తర్వాత కుజుడు, 22 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో.

భూమి సరైన దూరంలో ఉంది కాబట్టి బతుకు సాగుతోందని చాలామంది అనుకుంటారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే చందమామను చూడాలి.

చందమామ భూమి చుట్టూనే తిరుగుతోంది. అంటే సూర్యుడి నుంచి అదీ భూమి ఉన్నంత దూరంలోనే ఉన్నట్టు. మరి అక్కడా మనలాగే ఉండాలి కదా? లేదు. చందమామ మీద మిట్టమధ్యాహ్నం వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. నీళ్లు మరగడానికి మన దగ్గర 100 డిగ్రీలు చాలు. రాత్రి అయితే చలి సున్నాకు 130 డిగ్రీలు కిందికి దిగుతుంది. నీరు గడ్డకట్టేది సున్నా దగ్గర. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 అక్కడ దిగింది. అందులోని విక్రమ్, ప్రజ్ఞాన్ ఒక పగలంతా పనిచేశాయి. అక్కడి పగలు అంటే మన 14 రోజులు. రాత్రి వచ్చింది. మళ్లీ తెల్లవారినా అవి లేవలేదు.

పొయ్యి ఒకటే. దూరం ఒకటే. తేడా ఎక్కడుంది? భూమికి గాలి ఉంది. చందమామకు లేదు.

గాలి అనే దుప్పటి

చలికాలంలో రెండు రకాల రాత్రులు ఉంటాయి. ఆకాశం తేటగా ఉన్న రాత్రి చలి ఎక్కువ. తెల్లారేసరికి ఆకుల మీద మంచు. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. పగలంతా నేల వేడెక్కుతుంది. రాత్రి ఆ వేడి పైకి పోతుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత పట్టి ఉంచి మళ్లీ కిందికి పంపుతుంది. దుప్పటి కప్పినట్టు అన్నమాట.

మబ్బు లేకపోయినా గాలి ఈ పని కొంత చేస్తుంది. గాలిలోని అన్ని రకాలూ చేయవు. నీటి ఆవిరి చేస్తుంది. బొగ్గుపులుసు గాలి చేస్తుంది. దీన్నే కార్బన్ డయాక్సైడ్ అంటారు. మనం ఊపిరి వదిలితే వచ్చేది, కట్టెలు మండితే వచ్చేది ఈ గాలే. సోడా బుడ్డిలో బుసబుసమనేదీ ఇదే.

ఈ దుప్పటి లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు 18 డిగ్రీలు కింద ఉండేది. చెరువులు, నదులు, సముద్రాలు గడ్డకట్టేవి. దుప్పటి ఉంది కాబట్టి సగటున 15 డిగ్రీలు ఉంది. భూమి మీద నీరు పారుతోందంటే దూరం ఎంత కారణమో ఈ దుప్పటీ అంతే కారణం.

ఇప్పుడు మళ్లీ శుక్రుడి దగ్గరికి వద్దాం. శుక్రుడి మీద గాలి చాలా మందం. అందులో నూటికి 96 పాళ్లు బొగ్గుపులుసు గాలే. ఒక దుప్పటి కాదు, వంద బొంతలు కప్పుకుని ఎండలో పడుకున్నట్టు. అక్కడ నేల వేడి 460 డిగ్రీలు దాటుతుంది. సీసం పెడితే కరిగి పారుతుంది. పొయ్యికి అంత దగ్గరగా ఉన్న బుధుడి కంటే శుక్రుడే ఎక్కువ వేడి. బుధుడికి దుప్పటి లేదు, అదే తేడా. శుక్రుడి గాలి బరువు కూడా ఎక్కువే. మన మీద గాలి మోపే బరువుకు 90 రెట్లు. 1982లో సోవియట్ యూనియన్ పంపిన వెనీరా-13 అనే యంత్రం అక్కడ దిగింది. 127 నిమిషాలు పనిచేసింది. ఫొటోలు పంపింది. తర్వాత నోరు మూసుకుంది. ఆ కొలిమిలో రెండు గంటలు నిలవడమే గొప్ప.

కుజుడి సంగతి

కుజదోషం అని పెళ్లిళ్లు ఆపుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కుజుడి దగ్గరికి ఇప్పటికి ఎన్నో యంత్రాలు వెళ్లాయి, కొన్ని దిగాయి. అక్కడ కనిపించింది ఎర్రమట్టి, రాళ్లు, దుమ్ము. ఇనుము తుప్పు పట్టిన మట్టి కాబట్టి ఎరుపు. ఎవరి పెళ్లితోనూ దానికి పని లేదు.

కానీ ఎండిపోయిన వాగుల జాడలు ఉన్నాయి. చెరువు అడుగున పేరుకునే బురద రాయిగా మారి ఉంది. 2021 ఫిబ్రవరిలో అమెరికా పంపిన పర్సెవరెన్స్ అనే బండి అలాంటి చోటనే దిగింది. ఒకప్పుడు నది వచ్చి చెరువులో కలిసిన చోటు అది. అంటే 300 కోట్ల ఏళ్లకు ముందు అక్కడ నీరు పారింది. ఇప్పుడు మంచు తప్ప పారే నీరు లేదు. సగటు చలి సున్నాకు 60 డిగ్రీలు కింద.

నీరు ఏమైంది? కుజుడు చిన్నవాడు. అడ్డకొలతలో భూమికి సగం. బరువులో పదో వంతు. గ్రహం చిన్నదైతే రెండు నష్టాలు. మొదటిది, గాలిని పట్టి ఉంచే బలం తక్కువ. గాలి కూడా వస్తువే కదా. దాన్నీ గ్రహమే తన వైపు లాగి ఉంచుకోవాలి. లాగే బలం చాలకపోతే కొద్దికొద్దిగా పైకి జారిపోతుంది.

రెండో నష్టం లోపల ఉంది. పెద్ద గిన్నెలో అన్నం చాలాసేపు వేడిగా ఉంటుంది. ముద్ద తీసి ఆకులో పెడితే త్వరగా చల్లారుతుంది. భూమి కడుపులో ఇంకా వేడి ఉంది. కరిగిన ఇనుము కదులుతోంది. ఆ కదలిక వల్లనే భూమి ఒక పెద్ద అయస్కాంతంలా ఉంది. సూర్యుడి నుంచి వేడి, వెలుగులే కాదు, కంటికి కనిపించని రేణువులు కూడా జోరుగా వస్తుంటాయి. భూమి అయస్కాంతం వాటిలో చాలా వాటిని పక్కకు తప్పిస్తుంది. కుజుడు చిన్న ముద్ద. త్వరగా చల్లారాడు. అయస్కాంతం ఆగిపోయింది. రేణువుల గాలి తగిలి పైనున్న గాలి కొట్టుకుపోయింది. ఇప్పటికీ పోతూనే ఉంది. అమెరికా వాళ్ల మావెన్ అనే నౌక ఆ లెక్క కట్టింది. సెకనుకు సుమారు 100 గ్రాములు. వినడానికి అరపావు కూడా కాదు. వందల కోట్ల ఏళ్లు పోతే ఏం మిగులుతుంది?

అయితే అయస్కాంతం ఒక్కటే అన్నీ చేస్తుందని చెప్పడం తొందరపాటు. శుక్రుడికీ అయస్కాంతం లేదు. అయినా గాలి దండిగా ఉంది. గ్రహం బరువు, దాని లోపలి వేడి, అగ్నిపర్వతాలు కక్కే గాలి, అన్నీ కలిపి చూడాలి.

గాలి పల్చబడితే నీటికి ఇంకో చిక్కు వస్తుంది. ఎత్తైన హిమాలయాల మీద పప్పు సరిగా ఉడకదు. అక్కడ గాలి బరువు తక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో దీనికి తిరగబడి జరుగుతుంది. మూత బిగించి బరువు పెంచితే నీరు ఆలస్యంగా మరుగుతుంది. వేడి పెరిగి పప్పు త్వరగా ఉడుకుతుంది. కుజుడి మీద గాలి బరువు మన దాంట్లో నూరో వంతు కూడా లేదు. అక్కడ గ్లాసుతో నీళ్లు పెడితే ఒకపక్క మరుగుతూ మరోపక్క గడ్డకడతాయి.

మన దేశం కూడా కుజుడి దగ్గరికి వెళ్లింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్ బయలుదేరింది. 2014 సెప్టెంబరు 24న కుజుడిని చేరింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నారు. 2022 దాకా కుజుడి చుట్టూ తిరిగింది.

సున్నపురాయిలో దాగిన గాలి

భూమి మీద అగ్నిపర్వతాలు ఉన్నాయి. అవి మొదటి నుంచీ బొగ్గుపులుసు గాలిని కక్కుతూనే ఉన్నాయి. మరి శుక్రుడి మీద పేరుకున్నట్టు ఇక్కడ ఎందుకు పేరుకోలేదు? ఆ గాలి అంతా ఎక్కడికి పోయింది?

చాలామంది ఇళ్లలో అది కాళ్ల కిందే ఉంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు సున్నపురాయి జాతివే. పిడుగురాళ్ల దగ్గర బట్టీల్లో కాల్చేదీ సున్నపురాయే. బట్టీలో పనిచేసేవాళ్లకు ఒక సంగతి తెలుసు. రాయి కాలిస్తే బరువు తగ్గుతుంది. మేలైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే సున్నం 56 కిలోలే వస్తుంది. మిగతా 44 కిలోలు ఏమైనట్టు? గాలై పోయింది. బొగ్గుపులుసు గాలి. రాయి బరువులో సగానికి కాస్త తక్కువ, గడ్డకట్టిన గాలే అన్నమాట. గోడకు సున్నం వేస్తే కొన్నాళ్లకు గట్టిపడుతుంది. అది గాలిలోంచి బొగ్గుపులుసు గాలిని తీసుకుని మళ్లీ రాయి అవుతోంది.

భూమి మీద ఈ పని వాన చేస్తుంది. వాన పడేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు గాలి కొంత అందులో కరుగుతుంది. ఆ నీరు కొండరాళ్లను నెమ్మదిగా కొరుకుతుంది. కరిగిన రాయి నదుల్లో కలిసి సముద్రం చేరుతుంది. అక్కడ గవ్వలు, నత్తలు, కంటికి ఆనని చిన్న ప్రాణులు దానితో తమ పెంకులు కట్టుకుంటాయి. చచ్చి అడుగున పడతాయి. పొర మీద పొర పేరుకుని సున్నపురాయి అవుతుంది. కోట్ల ఏళ్లకు ఆ రాయిలో కొంత భూమి లోపలికి పోతుంది. అక్కడి వేడికి గాలి విడిపోయి అగ్నిపర్వతంలోంచి మళ్లీ బయటికి వస్తుంది.

ఈ తిరుగుడులో ఒక గొప్ప సంగతి ఉంది. భూమి వేడెక్కితే వానలు పెరుగుతాయి. రాళ్లు ఎక్కువ కరుగుతాయి. గాలిలోని బొగ్గుపులుసు గాలి తగ్గుతుంది. దుప్పటి పల్చబడి భూమి చల్లబడుతుంది. భూమి మరీ చల్లబడితే వానలు తగ్గుతాయి. గాలి మళ్లీ పేరుకుంటుంది. దుప్పటి మందమవుతుంది. సూర్యుడు మొదట్లో ఇప్పటికంటే నూటికి 30 పాళ్ల దాకా మసకగా ఉండేవాడు. తర్వాత వెలుగు పెరుగుతూ వచ్చింది. అయినా భూమి మీద నీరు నిలిచిందంటే ఈ సర్దుబాటు పెద్ద కారణం.

శుక్రుడి మీద ఈ సర్దుబాటు లేదు. అతను పొయ్యికి కాస్త దగ్గర. నీరు ఆవిరిగా పైకి లేచింది. ఆవిరి కూడా దుప్పటే కదా. వేడి పెరిగింది. పైకి పోయిన ఆవిరిని సూర్యుడి వెలుగు విడగొట్టింది. నీటిలో తేలికైన భాగం హైడ్రోజన్. అది ఆకాశంలోకి ఎగిరిపోయింది. ఒకసారి పోయాక నీరు మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది? నీరు లేదు కాబట్టి వాన లేదు. వాన లేదు కాబట్టి గాలి రాయిగా మారలేదు. మన రాళ్లలో ఉన్న బొగ్గుపులుసు గాలినంతా బయటికి తీస్తే దాదాపు శుక్రుడి మీద ఉన్నంత అవుతుందని లెక్క. అక్కడ అది ఆకాశంలో ఉంది. ఇక్కడ అది నాపరాయిలో ఉంది. శుక్రుడి మీద మబ్బులు ఉన్నాయి, కానీ అవి గంధకపు యాసిడ్ మబ్బులు. ఆ చినుకులు కూడా నేలను తాకకముందే ఆవిరైపోతాయి.

నాచు చేసిన మేలు

మనం పీల్చే ప్రాణవాయువు భూమికి పుట్టుకతో వచ్చింది కాదు. మొదటి 200 కోట్ల ఏళ్లు గాలిలో అది లేనట్టే. అప్పుడు మనిషి వచ్చి నిలబడి ఉంటే నిమిషాల్లో చచ్చిపోయేవాడు. కానీ సముద్రంలో ప్రాణం ఉంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉన్నాయి. వాటిలో నాచు లాంటి ఒక జాతి ఎండతో, నీటితో తిండి చేసుకోవడం నేర్చింది. ఆ పనిలో మిగిలిపోయే గాలే ప్రాణవాయువు. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట అది గాలిలో పెరగడం మొదలైంది.

ఆ నాచు కట్టిన రాళ్లు మన దగ్గరే ఉన్నాయి. కడప జిల్లా వేంపల్లి చుట్టుపక్కల కొండల్లో పొరలు పొరలుగా, ఉల్లిపాయ కోసినట్టు కనిపించే రాళ్లు ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం ఉండేది. నాచు పరుపులా పెరిగి, బురద పేరుకుని, మళ్లీ నాచు పెరిగి ఆ రాళ్లు తయారయ్యాయి. సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి.

ప్రాణవాయువు పెరిగాక పైన ఓజోన్ పొర ఏర్పడింది. ఎండలోని చెడ్డ కిరణాలను అది ఆపుతుంది. ఆ తర్వాతే మొక్కలు, జంతువులు నీరు వదిలి నేల మీదికి రాగలిగాయి. గ్రహం ప్రాణానికి చోటిస్తే సరిపోలేదు. ప్రాణం కూడా గ్రహాన్ని మార్చుకుంది.

ఇంకెక్కడైనా ఉందా?

గురు గ్రహానికి, శని గ్రహానికి చందమామలు చాలా ఉన్నాయి. వాటిలో యూరోపా, ఎన్సెలాడస్ అనేవి పైకి మంచుగడ్డలు. ఎన్సెలాడస్ మంచు పగుళ్లలోంచి నీటి ఆవిరి చిమ్ముతుంటే నౌకలు చూశాయి. అంటే లోపల నీరు ఉంది. సూర్యుడికి అంత దూరంలో నీరు ఎలా ఉంది? పెద్ద గ్రహం లాగుడుకు ఆ చందమామ లోపల నలిగి వేడి పుడుతుంది. కాబట్టి పొయ్యి సూర్యుడే కానక్కరలేదు.

వేరే చుక్కల చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతున్నాయి. సూర్యుడి లాంటి చుక్క చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారి 1995లో కనిపెట్టారు. ఇప్పటికి లెక్క 6 వేల దాకా వచ్చింది. సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి చుక్క ప్రాక్సిమా. దాని చుట్టూ నీరు నిలవగలిగే దూరంలో ఒక గ్రహం ఉందని 2016లో తేలింది. దాని మీద గాలి ఉందో లేదో ఇంకా తెలియదు. ఆ చుక్క అప్పుడప్పుడు భగ్గుమంటుంది. అక్కడికి పోయి బతుకుదామనే మాటలు పత్రికల్లో వస్తుంటాయి. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌక వేగంతో పోతే అంత దూరానికి 70 వేల ఏళ్లకు పైగా పడుతుంది.

నాచు బతకడం వేరు, కూలి మనిషి బతకడం వేరు

గ్రహం మీద ప్రాణం నిలుస్తుందంటే మనిషి నిలుస్తాడని కాదు. మరిగే నీటి ఊటల్లో బతికే సూక్ష్మజీవులు ఉన్నాయి. మనిషికి ఉన్న సందు చాలా ఇరుకు. ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. నాలుగైదు డిగ్రీలు పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎండలో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు ఎక్కువ.

యంత్రాలు రాకముందు మన గాలిలో బొగ్గుపులుసు గాలి 10 వేల పాళ్లలో మూడు పాళ్ల కంటే తక్కువ. ఇప్పుడు నాలుగు పాళ్లు దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం దీనికి ముఖ్య కారణం. సిమెంటు కోసం సున్నపురాయి కాల్చడం కూడా కొంత కారణం. 10 వేలలో ఒక పాలు ఏపాటిదని అనిపిస్తుంది. ఆ కాస్తకే భూమి సగటు వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగింది. దీనితో భూమి శుక్రుడిలా అయిపోతుందని కొందరు భయపెడతారు. అలా కాదు. అంత గాలి బయటికి రాదు. భూమి మీద నీరు ఉంటుంది, నాచు ఉంటుంది. కానీ మే నెలలో మిట్టమధ్యాహ్నం ఉపాధి పనిలో గడ్డపార పట్టే మనిషికి ఒక్కో డిగ్రీ లెక్కే. వాన ఆ గాలిని రాయిగా మార్చి తీసుకుంటుంది, నిజమే. ఆ పనికి లక్షల ఏళ్లు పడుతుంది.

కవల గ్రహం ఇలా ఎందుకు మారిందో దగ్గరగా చూడడానికి మన దేశం కూడా ఒక నౌకను తయారు చేస్తోంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఇందుకు 1,236 కోట్ల రూపాయలు ఒప్పుకుంది. 2028లో పంపాలని అనుకున్నారు. అది శుక్రుడి మీద దిగదు. చుట్టూ తిరుగుతుంది. ఆ మబ్బుల్లోంచి మామూలు కెమెరాకు నేల కనపడదు కాబట్టి రాడార్‌తో చూస్తుంది.